మలుపు దగ్గర మింగిన అక్షరం

గౌలిపుర, హైదరాబాద్
19 జూన్ 2024

తన్మయీ,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. పాలిటెక్నిక్‌లో నీ పక్కన కూర్చున్న భాగ్యశ్రీని. ఆరేళ్ళయింది మనం మాట్లాడుకుని. నీ నంబరు నా దగ్గర లేదు. నిన్న గుడి దగ్గర మీ ముకుందన్న కనిపిస్తే అడిగాను. "ఫోన్ జేస్తే నాదే ఎత్తదమ్మా. ఉత్తరం రాయి, చదువుతది" అని నీ చిరునామా రాసిచ్చాడు.

నేను ఇంకా బస్సు డిపోలోనే ఉన్నాను, ఎలక్ట్రికల్ సెక్షన్‌లో. సెలవు రోజుల్లో చాంద్రాయణగుట్టకు పోతాను. అక్కడ చూపులేని ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉంది. వాళ్ళ కంప్యూటర్లు చూసుకునేది నేనే. అన్నీ పాతవే. వాటిలో ఒకదానికి బ్రెయిలీ ప్రింటర్ తగిలించి ఉంటుంది. పిల్లల పాఠ్యపుస్తకాలు దాని మీదే అచ్చవుతాయి. ఇరవై అయిదు పిన్నుల వెడల్పాటి పాత పోర్టు తప్ప ఆ ప్రింటర్‌కు వేరే దారి లేదు. మలక్‌పేటలో కొత్తరకం కేబుల్ కొని మధ్యలో పెట్టి చూశాను. ఉలకదు, పలకదు.

పోయిన నెల హార్డ్ డిస్క్ చచ్చిపోయింది. కొత్తది పెట్టి, మీరంతా కలిసి రాసే ఆ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ ఎక్కించాను. కొత్త సిలబస్ తెలుగును చుక్కల్లోకి మార్చే ప్రోగ్రాం దాని మీదే నడుస్తుంది మరి. అంతే, అచ్చులో అక్షరాలు మాయమవుతున్నాయి. పేజీకి పది, పన్నెండు. అన్నీ కాదు, అక్కడొకటి ఇక్కడొకటి.

ఇక్కడ వాసవాంబ పెద్దమ్మ అని ప్రూఫ్ చదివే ఆవిడ ఉంది. పుట్టుకతోనే చూపు లేదు. ముప్పై ఏళ్ళుగా వేళ్ళతో ప్రూఫులు చదువుతోంది. సైన్సు పుస్తకం రెండు పేజీలు తడిమి నా మీదికి లేచింది. "ఏందే బిడ్డా, నీ మెషిన్ అక్షరాలు మింగుతున్నది. కిరణజన్య అని ఉండాల్సింది కిరజన్య అయింది. పోరిలు గదే బట్టీ కొట్టి పరీక్షల గట్లనే రాస్తరు. ఎవరిది జిమ్మేదారి?"

ఇంకో మాట కూడా విన్నాను. వచ్చే వెర్షన్‌లో ఈ పోర్టునే మొత్తంగా తీసేస్తారట. నిజమేనా? ఆ సిస్టమ్ రాసేవాళ్ళలో నువ్వూ ఉన్నావని తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

నీ
భాగ్య

హనుమకొండ
2 జూలై 2024

భాగ్యా,

నీ దస్తూరీ కవరు మీద చూడగానే గుర్తుపట్టాను.

అడిగిన దానికి సూటిగా జవాబు రాస్తాను. తీసేయాలన్న ప్రతిపాదన వచ్చిన మాట నిజం. నవంబరులో నిర్ణయం అయిపోతుంది. కారణం కూడా చెప్పాలి. ఈ సిస్టమ్‌ను రాసేది నాలాంటి వాళ్ళు, కాలేజీల్లో, ఆఫీసుల్లో పనిచేసుకుంటూ మిగిలిన వేళల్లో రాసేవాళ్ళు. నలభై దేశాల్లో ఉంటారు. ఎవరి బల్ల మీద ఏ మెషిన్ ఉంటే వాళ్ళు దాన్నే బాగుచేసుకుంటారు. వేరే దారి లేదు, చేతిలో లేనిదాన్ని ఎలా పరీక్షిస్తాం?

మా గుంపులో ఒకాయన దగ్గర ఒక పాత స్కానర్ ఉండేది. అది ఆయన గదిలో ఉన్నన్నాళ్ళూ అలాంటి స్కానర్లు ప్రపంచంలో ఎక్కడున్నా చక్కగా పనిచేశాయి. ఇల్లు మారుతూ ఆయన దాన్ని వదిలేశాడు. మూడేళ్ళు తిరిగేసరికి అవి ఎక్కడా పనిచేయలేదు. ఎవరూ చెడగొట్టలేదు. చుట్టూ ఉన్నవి మారిపోయాయి, దాన్ని మాత్రం ఎవరూ చూడలేదు.

నీ పోర్టు సంగతీ అంతే. పదిహేనేళ్ళుగా కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టు లేదు. మేము దాన్ని అనుకరించే ప్రోగ్రాం ఒకటి పెట్టుకుని పరీక్షిస్తాం. అందులో ఒక్క అక్షరం కూడా పోవడం లేదు.

నిజమైన మెషిన్ ఒకటి నా దగ్గరుంటే చూడగలను. ఖాళీగా ఉన్నది ఉంటే పంపు. ఫోన్ నంబరు అడుగున రాశాను గాని, నువ్వు ఇలాగే రాస్తే నాకు నయం. నాలుగుసార్లు చదువుకోవచ్చు.

తన్మయి

గౌలిపుర
15 జూలై 2024

తన్మయీ,

మెషిన్ బస్సు పార్సిల్‌లో వస్తోంది. డిపోలో నాకు తెలిసిన కొండలన్న చేత బియ్యం సంచుల మధ్యన పెట్టించాను, కుదుపులకు దెబ్బ తగలకుండా. స్టోరు గదిలో ఊరికే పడి ఉన్నదే, తొందరేం లేదు. ఈ ఉత్తరం మూతకే అతికించాను.

నువ్వు రాసిన స్కానర్ కథ పెద్దమ్మకు చదివి వినిపించాను. విని అడిగింది: "అంటే ఎక్కడో ఒకాయన ఇల్లు మారితే, ఇంకెక్కడో ఎవరి పనో ఆగిపోతదా?" అవునన్నాను. "గా మనిషికి తెల్వనే తెల్వదు గదా!" అంది. తిట్టలేదు తన్మయీ. ఆశ్చర్యపోయింది, అంతే.

నాకు మాత్రం ఇన్నాళ్ళూ వేరేలా ఉండేది. మీ సిస్టమ్ అంటే ఎక్కడో పెద్ద భవనంలో, చల్లటి గదుల్లో, అన్ని రకాల మెషిన్లూ వరుసగా పెట్టుకుని రాస్తారనుకునేదాన్ని. నీ బల్ల మీద ఏముంది?

భాగ్య

హనుమకొండ
21 ఆగస్టు 2024

భాగ్యా,

నా బల్ల మీద కాలేజీ వాళ్ళు ఇచ్చిన ఒక్క ల్యాప్‌టాప్ ఉంది. ఇప్పుడు పక్కన నీ మెషిన్ ఉంది. అంతే.

మెషిన్ క్షేమంగా చేరింది. మూత విప్పి, లోపల దుమ్ము బ్రష్షుతో తీసి, స్విచ్ వేశాను. ఫ్యాను మోత వినగానే మన ల్యాబు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఈ పోర్టుకు సంబంధించిన ప్రోగ్రాం బాధ్యత నాదే. ఎనిమిదేళ్ళలో ఆ పోర్టును చేత్తో తాకడం ఇదే మొదటిసారి. ఇరవై అయిదు రంధ్రాలు వేలితో లెక్కపెట్టాను, పిచ్చిదానిలా.

కాలేజీ ఆఫీసు మూల నుంచి పాత మామూలు ప్రింటర్ ఒకటి తెచ్చి తగిలించాను. వంద పేజీలు కొట్టించాను. ఒక్క అక్షరం పోలేదు. అంటే లోపం నీ మెషిన్‌లో లేదు, ఈ ప్రింటర్‌తో బయటపడదు. మీ బ్రెయిలీ ప్రింటర్ దగ్గరే ఏదో జరుగుతోంది. దాన్ని చూడకుండా ఇక్కడి నుంచి నేనేమీ చేయలేను.

ఇంకొకటి చెప్పాలి. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. "ప్రతిపాదన వచ్చింది" అని రాశాను కదా. అది పంపింది నేనే. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, క్లాసుకూ క్లాసుకూ మధ్య, పది నిమిషాల్లో పంపాను. నాలుగు వేల లైన్లు తీసేయాలని. "ఇది వాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు" అని కింద రాశాను. మంచి పని చేశావని ఏడుగురు మెచ్చుకున్నారు. వాడేవాళ్ళు ఉన్నారేమోనని ఎక్కడా అడగలేదు. నా దగ్గర లేదు కాబట్టి లోకంలోనే లేదనుకున్నాను.

తీరా చూస్తే అది నువ్వు పుట్టిన చోటికి, నేను పుట్టిన చోటికి నాలుగు మైళ్ళ దూరంలో ఉంది.

తన్మయి

గౌలిపుర
6 సెప్టెంబరు 2024

తన్మయీ,

కోపం తగ్గాక రాద్దామని పది రోజులు ఆగాను. తగ్గలేదు.

నువ్వు దాచింది చెప్పావు కాబట్టి నేను దాచింది కూడా విను. నీకు పంపింది స్టోరు గదిలోది కాదు. స్టోరులోది ఎప్పుడో చచ్చిపోయింది. నీకు పంపింది ప్రింటర్‌కు తగిలించి ఉన్న మెషినే. మిగిలిన ఒక్కదానికి పోర్టు విరిగిపోయి ఉంది. "పాడైన మెషిన్ పంపితే ఏం తెలుస్తది? మంచిదే పంపు" అన్నది పెద్దమ్మే. డానియేలన్న, హాస్టల్ వార్డెన్, వద్దన్నాడు. "అచ్చు ఆగిపోతదమ్మా, పరీక్షలున్నయి" అన్నాడు. నిజమే. ఇంతకుముందు అక్షరాలు పోయినా పేజీ చేతికొచ్చేది, పెద్దమ్మ పోయినచోటల్లా సూదితో పొడిచి సరిచేసేది. ఇప్పుడు పేజీయే లేదు.

కాబట్టి జూలై నుంచి ఇక్కడ పుస్తకాలు చేత్తో తయారవుతున్నాయి. రంధ్రాల పలకలో మందపు కాగితం బిగించి, సూదితో ఒక్కో చుక్కా పొడవడం. వెనక వైపు నుంచి, కుడి నుంచి ఎడమకు, అక్షరాన్ని తిరగేసి పొడవాలి. అప్పుడు కాగితం తిప్పితే చుక్కలు సరిగ్గా లేస్తాయి. పెద్దమ్మ, ఇంకో ఇద్దరు టీచర్లు. డానియేలన్న చదువుతాడు, వాళ్ళు పొడుస్తారు. పొద్దంతా చేస్తే పద్నాలుగు పేజీలు. నేను పక్కన కూర్చుని చూశాను. తిరగేసిన తెలుగును అంత వేగంగా, చూడకుండా, ఒక్క తప్పు లేకుండా!

నీ ఏప్రిల్ మధ్యాహ్నం సంగతి పెద్దమ్మకు చెప్పేశాను. ఆవిడ అన్నది యథాతథంగా రాస్తున్నాను: "ఒప్పుకున్నది గదా, ఇగ లొల్లి ఎందుకు? మెషిన్ పట్టుకుని రమ్మను. అది అక్షరాలు ఎక్కడ మింగుతదో నాకు ఎరికే. మలుపు కాడ మింగుతది."

మలుపంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. దసరా సెలవుల్లో రా.

భాగ్యశ్రీ

హనుమకొండ
13 అక్టోబరు 2024

భాగ్యా,

నువ్వు నన్నూ మెషిన్‌నూ హాస్టల్‌లో దింపి డ్యూటీకి వెళ్ళిపోయాక జరిగింది నీకు సరిగా చెప్పనే లేదు. సాయంత్రం ఫ్లైఓవర్ కింద కలిసేసరికే నీ బస్సు వచ్చేసింది, "దొరికింది" అన్న ఒక్క మాటే అరవగలిగాను. మొత్తం రాస్తాను.

మెషిన్ బిగించి సైన్సు పాఠం అచ్చు మొదలుపెట్టాను. వాసవాంబగారు ప్రింటర్ మూత మీద ఎడమ అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆ మోతలో నాకు నా మాటే వినబడలేదు. ఉన్నట్టుండి "ఇగో, మింగింది" అన్నారు. కాసేపటికి మళ్ళీ, "ఇగో."

"ఎలా తెలుస్తోంది పెద్దమ్మా?" అని అడిగాను.

"దీని తల గా కొస దాకా పోయి తిరుగుతది చూడు. తిరిగేటప్పుడు ఎప్పుడూ ఒక్క రవ్వ ఆగి కొడ్తది. మింగినప్పుడు ఆగకుండ కొడ్తది. చేతికి తెలుస్తది. నీకు తెలుస్తలేదా?"

నా చెయ్యి కూడా పెట్టించారు. నాకేమీ తెలియలేదు. మూత వణుకు, అంతే.

అప్పుడు ఒక పని చేశాను. ఆవిడ కుడిచేతి కింద కీబోర్డు పెట్టి, మింగిన ప్రతిసారీ మీట నొక్కమన్నాను. మెషిన్ పోర్టులో జరిగే ప్రతి కదలికనూ వేళతో సహా రాసుకునేలా చేశాను. నాలుగు పేజీలు. ఆవిడ ముప్పై ఎనిమిదిసార్లు నొక్కారు. తర్వాత రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టాను. భాగ్యా, ముప్పై ఎనిమిదీ సరిపోయాయి. ఆవిడ నొక్కిన ప్రతిచోటా ప్రింటర్ "ఆగు, నేను తిరుగుతున్నాను" అనే సంకేతం కాస్త ఆలస్యంగా పంపింది. ఆలోపే మా ప్రోగ్రాం తర్వాతి అక్షరాన్ని తోసేసింది. ఎంత ఆలస్యం? సెకనును పాతిక వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క.

ఒక్కోసారి అది వేళకే పంపుతుంది, అందుకే అన్ని మలుపుల్లోనూ పోవు. మా అనుకరణ ప్రోగ్రాంలోని ప్రింటర్‌కు మలుపే లేదు. అది ఎప్పుడూ ఆలస్యం చేయదు. నాలాంటి వాళ్ళు ఊహించిన ప్రింటర్ అది.

అక్కడే కూర్చుని ఆ ప్రోగ్రాం పాత చరిత్ర తిరగేశాను. ఎవరు ఏ లైను ఎప్పుడు రాశారో, ఎందుకు మార్చారో అన్నీ దాచి ఉంటాయి. నాలుగేళ్ళ కింద ఒకతను శుభ్రం చేస్తూ ఒక లైను తీసేశాడు. "ఇక్కడ ఎందుకు ఆగుతున్నామో తెలియదు. నా దగ్గర ఈ పోర్టు లేదు. తీసేసినా పరీక్షల్లో తేడా రాలేదు" అని రాసిపెట్టాడు. దానికి సరేనన్నది నేనే. ఇంకా వెనక్కి పోయాను. ఇరవై రెండేళ్ళ కింద ఆ లైనును పెట్టిన మనిషి పక్కన ఒక్క వాక్యం రాశాడు: "నా ప్రింటర్ మలుపు దగ్గర ఆలస్యంగా చెబుతుంది, కొంచెం ఆగాలి."

అదే మాట. మలుపు. ఆయన ఎవరో, ఏ దేశమో తెలియదు, పేరు బదులు మూడక్షరాల గుర్తు ఉంది. ఆయన బల్ల మీద కూడా ఇలాంటి ప్రింటరే ఉండి ఉండాలి. తన ఇంట్లో పని జరగడం కోసం ఒక్క లైను రాసుకున్నాడు, దాని నీడన, మీ పాత డిస్క్ చచ్చిపోయేదాకా, ఇన్నేళ్ళూ చాంద్రాయణగుట్టలో పిల్లలు తప్పులేని పుస్తకాలు చదివారు. ఇద్దరిలో ఎవరికీ రెండోవారు ఉన్నట్టు తెలియదు. నేను కుర్చీలో అలాగే ఉండిపోయాను. డానియేలుగారు టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది.

ఆ లైను మళ్ళీ పెట్టి అచ్చు వేశాను. వాసవాంబగారు ఎక్కడా వేలు ఆపకుండా పేజీ మొత్తం చదివి, రెండో పేజీ అడిగారు. ఇరవై పేజీలు అలాగే అడిగారు.

నా ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాను, ఎందుకో అందరికీ రాశాను. సరిచేసిన లైనుతో పాటు పరీక్షించినవారి పేరు రాయడం మా పద్ధతి. "పరీక్షించినవారు: వాసవాంబ, చాంద్రాయణగుట్ట, హైదరాబాద్" అని రాశాను. ఆవిడకు చెప్పు. ఎదురుగా చెప్పకుండానే వచ్చేశాను.

తన్మయి

గౌలిపుర
9 డిసెంబరు 2024

తన్మయీ,

చెప్పాను. "నా పేరు ఎందుకు, నేనేం జేసిన?" అంది. ఆ సాయంత్రం మాత్రం ఆ వాక్యాన్ని అచ్చు వేసి ఇమ్మని అడిగింది. ఇచ్చాను. తడిమి, "వాసవాంబల సున్న సరిగ్గ పడ్డది" అని కాగితం మడిచి దగ్గర పెట్టుకుంది.

సైన్సు, సోషల్ అయిపోయాయి. లెక్కల పుస్తకం సగంలో ఉంది. పిల్లలు కొత్త పేజీలు వెచ్చగా ఉండగానే లాక్కుంటున్నారు.

నువ్వు ఫోన్‌లో చదివి వినిపించిన ఆ దక్షిణ అమెరికా ఊరి లైబ్రరీ వాళ్ళ మాట నా చెవిలోనే ఉంది. నాలుగేళ్ళుగా తమ ప్రింటర్ ముసలిదైపోయిందనుకున్నారట, అక్షరాలు పోతే దాన్నే తిట్టుకున్నారట, ఇప్పుడు పోవడం లేదట. ఆ సంగతి చెప్తే పెద్దమ్మ రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుంది. "గాడ గూడ మన లెక్క చేత్తోని చదివేటోళ్ళే గదా!" అంది. వాళ్ళ భాషలో చుక్కలు ఎలా ఉంటాయని అడిగింది. అవే ఆరు చుక్కలని చెప్పాను. ఆరు చుక్కలే, ఊరూ భాషా ఏదైనా. నాకూ అప్పుడే తట్టింది.

ఇకమీద ప్రతి వెర్షన్‌నూ విడుదలకు ముందు ఇక్కడ పరీక్షించాలని, ఇక్కడ సరేనంటేనే లోకానికి వదులుతారని రాశావు. నా పేరు, పెద్దమ్మ పేరు పరీక్షించేవాళ్ళ జాబితాలో పెట్టు. భయంగానే ఉంది, కానీ పెట్టు.

భాగ్య

గౌలిపుర
4 మార్చి 2025

తన్మయీ,

"ఆగమను" అని ఫోన్‌లో నీకు చెప్పింది నేనే. తర్వాత రెండు రోజులూ మనం పని మాటలే మాట్లాడుకున్నాం. ఇక్కడ ఏం జరిగిందో తీరిగ్గా రాస్తున్నాను.

ఆ బుధవారం మధ్యాహ్నం కొత్త వెర్షన్ ఎక్కించి, నువ్వు చెప్పిన అరవై పేజీలు అచ్చు వేశాను. మర్నాడే విడుదల అన్నావు. పెద్దమ్మ వరుసగా చదువుతూ పోయింది. యాభై మూడో పేజీ అడుగున వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది. "ఆఖరి లైను లేదు" అంది.

నేను చూస్తే నాకూ కనిపించలేదు. ఒక్క పేజీలో ఒక్క లైను. మళ్ళీ అచ్చు వేస్తే సరిగ్గా వచ్చింది. మూడోసారి మళ్ళీ పోయింది. డానియేలన్న, "ఒక్క లైనే గదా పెద్దమ్మా, రేపు ఎంతమంది ఎదురుచూస్తున్నరో, సరే అనరాదు" అన్నాడు.

పెద్దమ్మ అతని వైపు తల తిప్పింది. "ఒక్క లైను గాదు డానియేలూ. గా లైను ఏ పోరి చదువుకుంటదో గామె లైను."

అప్పుడే నీకు ఫోన్ చేశాను. నువ్వు "సరే, ఆపమని రాస్తున్నాను" అన్నావు. అంత సులువుగా అంటావని అనుకోలేదు. ఆ తర్వాత తెరమీద ఒక్కొక్కరి జవాబులూ వచ్చాయి. పేర్లు పలకడం కూడా రాలేదు నాకు. "ఆగుతున్నాం", "ఆగుతున్నాం", "హైదరాబాద్ సరేనన్నాక చెప్పండి." అలా పంతొమ్మిది. నేను చదువుతూ పోయాను, పెద్దమ్మ వింటూ కూర్చుంది. బయట జంక్షన్‌లో బస్సుల హారన్లు మోగుతూనే ఉన్నాయి.

రెండు రోజుల్లో నువ్వు, మీ గుంపులోని ఇంకో దేశం అతను కలిసి సరిచేసి పంపారు. శుక్రవారం పొద్దున ఎక్కించాను. యాభై మూడో పేజీ పదిసార్లు అచ్చు వేశాను. పదిసార్లూ ఆఖరి లైను ఉంది. నాకైతే అక్కడికి చాలనిపించింది.

పెద్దమ్మ అడిగింది, "ఎంతమంది ఆగి ఉన్నరు, బిడ్డా?"

"లెక్క తెల్వదు పెద్దమ్మా. లక్షల మెషిన్లు. ఆస్పత్రుల్లో, బళ్ళల్లో, ఇండ్లల్లో. అన్ని దేశాలల్ల."

"అన్నీ నా కోసం ఆగినయా?"

"నువ్వు చదివేదాక ఆగినయి."

ఆవిడ చేతులు చీరకు తుడుచుకుంది. యాభై మూడో పేజీ పక్కన పెట్టేసింది.

"గట్లయితే మొదటి పేజీ ఇయ్యి."

అరవై పేజీలూ మళ్ళీ మొదటి నుంచి చదివింది, తన్మయీ. టీ తాగలేదు, లేవలేదు. బడి విడిచిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డారు. కాగితం మీద వేలు జరిగే సన్నటి చప్పుడు మాత్రం గది అంతా వినిపించింది. డిపోలో పెద్ద పెద్ద ఇంజన్లు మొదటిసారి స్టార్టవడం చూశాను గాని, ఇంత చిన్న చప్పుడుకు ఇంత పెద్దది ఆగి ఉండటం ఎప్పుడూ చూడలేదు.

అరవయ్యో పేజీ ఆఖరి లైను చివర దాకా పోయి, ఆవిడ చెయ్యి ఎత్తింది.

"ఇగ వొదులుమను."

భాగ్య